స్టూళ్లు కస్టమర్లకే

తిరుపతిలో నేను పనిచేసిన బట్టల కొట్టు నాలుగంతస్తులు. ప్రతి అంతస్తులోనూ మెత్తటి స్టూళ్లు, కస్టమర్లకు. అమ్మే ఆడవాళ్లం పొద్దున తొమ్మిదిన్నర నుంచి కొట్టు కట్టేసేదాకా నిలబడే ఉండాలి. కొనేవాళ్లు ఒక్కరూ లేకపోయినా సరే. కూర్చుంటే పైన కెమెరా చూస్తుంది, మేనేజరు ఫోను మోగుతుంది. డిగ్రీ చదివి ఆరేళ్లు దాన్ని భరించాను. నా తెలివికి నేనే మురిసిపోవాలి.

నా పక్క కౌంటర్లో ఒక అక్క. చంద్రగిరి నుంచి బస్సులో వచ్చేది. నేను చేరిన కొత్తలో ఆమె నోటికి అడ్డూ అదుపూ లేదు. "నూరు చీరల మడతలు విప్పించి, కర్చీఫు కొనుక్కొని పాయె మహాతల్లి!" అని నవ్వించేది. ఏటికేడు మాట తగ్గింది. మొదట కాళ్లు వాచాయి, తర్వాత నిద్ర పట్టకుండా పోయింది, ఆ తర్వాత ఊరికే కళ్లనీళ్లు. ఏమైందక్కా అంటే "ఏమీ లేదు మే" అనేది.

అలాంటివాళ్లు ఎక్కువయ్యేసరికి యజమానికి దయ కలిగింది. కుర్చీలు వేయించాడనుకునేరు. మనశ్శాంతి మీద ఉపన్యాసం పెట్టించాడు! కోటు వేసుకొని ఒకాయన వచ్చాడు. ఆయనకు సోఫా. మేం నలభై మందిమి గోడవారగా నిలబడి గంటన్నర విన్నాం. ఒత్తిడంతా మన ఆలోచనల్లోనే ఉందట.

"కళ్లు మూసుకొని, మీకు హాయిగా ఉండే చోటు తలచుకోండి" అన్నాడు.

"తలచుకునేదెందుకు సార్, ఈడే ఉండాది" అని పోయి స్టూలు మీద కూర్చున్నాను. "రా అక్కా, నువ్వూ కూర్చో."

అక్క కెమెరా వైపు చూసింది. కదల్లేదు.

"ఏమ్మా, లెయ్! అవి కస్టమర్లకు" అని మేనేజరు ఉరికొచ్చాడు.

"అట్లయితే ఒక కర్చీఫు చూపించప్పా, కొంటా."

అందరూ నవ్వారు, అక్క తప్ప. మరుసటి రోజు నుంచి నాకు పని లేదు.

మొన్న అక్కను ఇంటికి పిలిచాను, ఆ పాడు కొలువు మానేయమని పోట్లాడదామని. కుర్చీ వేస్తే కూర్చోలేదు. ఇంటికప్పు నాలుగు మూలలూ చూసింది.

"ఈడ కెమెరా యాడుంటుందక్కా?"

"తెలుసులే మే. అలవాటు."

టీ గ్లాసు పట్టుకొని నిలబడే ఉంది. ఆ కోటాయన్ని పిలిపించాలి, ఈ ఆలోచన ఆమె తలలో ఎవరు పెట్టారో చెప్పమని.

వాదించడానికి మాటలన్నీ సిద్ధం చేసుకున్నదాన్ని, నోరు మూసుకొని పెరటి తలుపు తీశాను. అక్క బయటికి పోయింది. పైకి చూసింది. అక్కడ కప్పు లేదు, వట్టి ఆకాశం. బట్టలుతికే బండ మీద మెల్లగా కూర్చుంది.

"ఇది సల్లారిపాయె. ఇంకో గ్లాసు పెట్టు మే" అంది.