మా ఇంట్లో బందీ అయిన దొర

మొన్న మా మనవరాలు ఫోనులో ఏదో పాత ఇంగ్లీషు యాత్రల పుస్తకం చదువుతూ, "అమ్మమ్మా, వీళ్ళు మనవాళ్ళేనా?" అంటూ వచ్చి పక్కన కూర్చుంది. అందులో ఒక తెల్లదొర, సైకిలు మీద అమరావతి స్తూపం చూడ్డానికి వెళ్తున్న తనను దారిలో మిరప రైతులు గదిలో బంధించారనీ, ఒక ముసలామె మంత్రాలు చదివి, మిరపకాయలు కాల్చి ఊపిరాడకుండా చేసిందనీ రాసుకున్నాడట. ఊరి పేరు మాదే, అతను గీసిన పెంకుటిల్లూ మాదే, ఇక ఆ ముసలామె మా నాయనమ్మ కాక ఇంకెవరు! ఒళ్ళు మండిపోయింది నాకు.

ఎండదెబ్బకు మా వాకిట్లో కూలబడి జ్వరంతో మూలుగుతున్న మనిషికి దిష్టి తీయకుండా ఆ రోజుల్లో ఏ ఇంట్లో ఊరుకునేవాళ్ళో మా ఈడువాళ్ళు మీరే చెప్పండి. నాయనమ్మ ఎండుమిరపకాయలూ ఉప్పూ తిప్పి నిప్పుల్లో వేసి, "ఘాటే రాలా, ఎంత దిష్టి తగిలిందిరా నాయనా నీకు!" అని ఇంకో గుప్పెడు వేసింది. పుట్టినప్పటినుంచీ మిరప కళ్ళాల మధ్య తిరిగిన ముక్కులు మావి, మాకెక్కడ తెలుస్తుంది ఘాటు? పాపం అతనికి తెలిసి ఉంటుంది. గుమ్మం ముందు కాపలా అని అతను రాసింది, దొరను చూద్దామని ఎగబడిన మా ఊరి జనం.

మిగతాదంతా అబద్ధమని కొట్టిపారేయబోయి ఆగిపోయాను. జ్వరం తలకెక్కి బయటికి పోయి ఎక్కడ పడిపోతాడోనని నాయనమ్మ బయట గొళ్ళెం పెట్టిన మాట నిజం, లోపలినుంచి అతను తలుపు బాదిన చప్పుడు నేను విన్న మాటా నిజం. దొరకు పెసరకట్టుతో పథ్యం పెట్టామనీ, వెళ్తూ నాయనమ్మకు దణ్ణం పెట్టాడనీ ఇంట్లో ఎన్నో ఏళ్ళు మురిసిపోయారు గానీ, ఆ చప్పుడు ఊసు ఒక్కరూ ఎత్తలేదు. పెసరకట్టు ఊసు ఆ పుస్తకంలోనూ ఎక్కడా లేదట, మనవరాలు వెతికి మరీ చెప్పింది.

"అయితే ఎవరిది నిజం?" అంది. నాయనమ్మ చేతి చలవ నాకు తెలుసు, ఆమె మీద మాట పడితే ఇప్పటికీ ఓర్చుకోలేను, అయినా తలుపు సంగతి దాచబుద్ధి కాలేదు, చెప్పేశాను. ఈ రోజుల్లో ముక్కూ మొహం తెలియని మనిషి వాకిట్లో పడిపోతే అంబులెన్సుకు ఫోను చేసి లోపలికి వచ్చేస్తాం. ఎవరూ మన మీద అలాంటి రాతలు రాయరు. రాయాలంటే మన ఇంట్లో ఒక రాత్రి పడుకుని ఉండాలి కదా.