ఎడమచేతి దయ్యం

మొన్న పాత పుస్తకాల బండి మీద ఒక విదేశీ దయ్యాల బొమ్మల పుస్తకం కనిపించింది. అరవైలలో మా ఊరు బోగోలులో మేం చదివిన, కిరసనాయిలు కంపు కొట్టే చవక తెలుగు ముద్రణకి ఇదే మూలం. ఇందులో దయ్యం కత్తిని కుడిచేత్తో పట్టుకుంది. మనవాళ్లు బొమ్మని కుడిఎడమలు తిరగేసి అచ్చేశారని ఇన్నాళ్లకి తెలిసింది.

ఆ అచ్చు చూసి, చిన్నప్పుడు దయ్యాలన్నిటిదీ ఎడమచేతివాటమని నమ్మాను. ఆ రోజుల్లోనే మా బాబాయికి పెళ్లయింది. కొత్తగా వచ్చిన పిన్నమ్మ ఒకరోజు పెరట్లో ఒంటరిగా కూర్చుని, ఉప్పు పెట్టడానికి వంజరం చేపని ఎడమచేత్తో చకచకా చీలుస్తోంది. అవ్వ దగ్గు వినబడగానే కత్తి కుడిచేతికి మార్చుకుంది. చేప వంకరగా తెగింది.

"చేప చీల్చడం కూడా రాని దాన్ని తెచ్చినాడు మావాడు," అని అవ్వ విసుక్కుంటూ లోపలికి పోయింది.

నేను దగ్గరికి వెళ్లి మెల్లగా అడిగాను. "పిన్నమ్మా, నువ్వు దయ్యానివా?"

ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. మోచేత్తో నుదుటి చెమట తుడుచుకుంది.

"అవును పాపా. ఎవురికీ చెప్పబాక."

నేను చెప్పలేదు. ఆమె కూడా చెప్పుకోలేదు. ఆ ఇంట్లో చివరిదాకా కుడిచేత్తోనే చేపలు కోసింది. పనిరానిదనే పేరుతోనే పోయింది.