రథసప్తమి నాడు కొలిచిన నీడ

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంట్ మేడ మీద, సూర్యుడు ఎవరి సొత్తు అన్న విషయం మీద ఎంత రభస జరిగిందంటే, ఆ సూర్యుడే కాసేపు మబ్బు చాటుకి తప్పుకుని, తన ఆస్తి పంపకాలు ఎలా సాగుతున్నాయో చెవి ఒగ్గి విన్నాడని నా గట్టి నమ్మకం. విజయనగరం శివార్లలో ఉన్న మా అయిదంతస్తుల భవనానికి దక్షిణాన, ఎప్పుడో మూతపడ్డ నూనె మిల్లు స్థలంలో, పదంతస్తుల టవరు రాబోతోందని బోర్డు వెలిసింది. బోర్డు మీద మన జిల్లా నేలలో ఎన్నడూ మొలవని రంగులో గడ్డి, ఆ గడ్డి మీద మన ఎండ ఒక్కరోజు కూడా సోకని రంగులో తల్లీ తండ్రీ పిల్లలూ, వాళ్ళ వెనకాల ఉతికి ఇస్త్రీ చేసినట్టున్న ఓ కుక్కపిల్ల. ఆ కుక్కపిల్లని చూసిన దగ్గర్నుంచీ మా వాట్సాప్ గ్రూపు కాగుతున్న నూనెలో నీళ్ళు పడ్డట్టు చిటపటలాడుతోంది. టవరు వాళ్ళు మన వంటిళ్ళలోకి తొంగి చూస్తారని ఒకరు, బోర్లన్నీ వాళ్ళే పీల్చేస్తారని ఒకరు, ఇకమీదట గాలి మన దాకా రావాలంటే వాళ్ళ వాచ్‌మన్‌ని అడిగి రావాలని ఒకరు, అన్నిటికీ మించి మన మేడ మీది ఎండ పోతుందని అందరూ. రెండో అంతస్తు పెద్దాయనైతే, డాక్టరు తన మోకాళ్ళకి రాసిచ్చిన ఎండ అదేననీ, దాన్ని ఎవడు దొంగిలిస్తాడో చూస్తాననీ లుంగీ ఎగ్గట్టాడు.

నాకు మాత్రం లోపల్లోపల ఒకటే ఉత్సాహం, ఒకటే నవ్వు. ఎందుకంటే ఈ మాటలన్నీ, కామాలూ ఫుల్‌స్టాపులతో సహా, పాతికేళ్ళ కిందట నేను విన్నవే. అప్పుడవి మేం నిలబడి అరుస్తున్న ఈ భవనం గురించే అన్నవి.

నా ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఇటు వైపు ఊరు అయిపోయి తోటలు మొదలయ్యేవి. డిగ్రీ పూర్తయి, ఉద్యోగం అనే పదార్థం ఎంత వెతికినా దొరక్క, నేను మా మేనత్త ఇంటికి వచ్చి మావయ్య టెంటు హౌస్‌లో పనికి కుదిరాను. మావయ్య భూమ్మీద పుట్టిన వాళ్ళందరిలోకీ నెమ్మదస్తుడు. దోమ కుడుతుంటే అది తినడం అయ్యేదాకా ఆగి తర్వాత గోక్కునే రకం. మా దగ్గర వెదురు గెడలు, తాళ్ళు, ఎర్రా పసుపూ గుడ్డలు, కూర్చున్నవాణ్ణి లేవనివ్వకుండా గిల్లి పట్టుకునే ఇనప కుర్చీలు, ఇంకా ఒక మైకు ఉండేవి. ఆ మైకులో ఎవరు మాట్లాడినా ఈల ముందు వినిపించేది, మాట తర్వాత వచ్చేది. పురోహితులు కూడా దాని ఈల అయ్యేదాకా ఆగి మంత్రం ఎత్తుకోవడం అలవాటు చేసుకున్నారు.

అయితే పెళ్ళిళ్ళు లేని నెలల్లో టెంటు హౌస్ కడుపు మాడ్చుకుని పడుకునేది. ఆ ఇంట్లో ఏడాది పొడుగునా పొయ్యి వెలిగిందంటే అది మా అత్త చేసే మామిడి తాండ్ర పుణ్యమే. వేసవి రాగానే పెరడంతా చాపలు పరిచేది. కలెక్టరు కాయలూ కోలంగోవలూ పిసికి, రసం వడగట్టి, బెల్లం కలిపి చాప మీద పూసేది. అది ఎండాక దాని మీద మరో పూత, అది ఎండాక మరోటి, అలా పూత మీద పూత పడి, తాండ్ర పరుపంత మందం అయ్యేదని నేనంటే మీరు నమ్మరు గనక దిండంత మందం అంటాను. నరసన్నపేట షావుకార్లు స్వయంగా వచ్చి పట్టుకెళ్ళేవారు. ఆ తాండ్ర ముక్క నోట్లో వేసుకున్నవాడు పళ్ళు విడదీసుకుని మళ్ళీ మాట్లాడేసరికి పూట గడిచిపోయేది. దానికి కావలసిందల్లా రెండే: దక్షిణాన ఉన్న పెద్దమావయ్య తోటలోంచి కాయలు, పైనుంచి ఎండ.

పెద్దమావయ్య అంటే మావయ్యకి అన్నగారు. అన్నదమ్ముల పంపకాల్లో ఆయనకి తోట వచ్చింది, మావయ్యకి ఇల్లూ పెరడూ వచ్చాయి. ఆ తోటని ఆయన అపార్ట్‌మెంటు కట్టమని ఓ బిల్డరుకి ఇచ్చేశాడన్న కబురు ఒక మధ్యాహ్నం మా ఇంటికొచ్చింది. అత్త చేతిలో గరిట ఆగిపోయింది.

“ఒరే అల్లుడా, దచ్చినాన అంతెత్తు గోడ లేస్తే ఎండ నేకుండా నా తాండ్ర ఏటవుతాదిరా? పులుసవుతాది, పులుసు! దాన్ని సాప మీద కాదు, గిన్నిలో అమ్ముకోవాల!”

అది మొదలు మా పేట నిలువునా రెండుగా చీలింది. మిరపకాయలు, వడియాలు, పిడకలు, తడి జుట్టు ఆరబెట్టుకునే ఆడవాళ్ళంతా ఎండ పార్టీ. లిఫ్టు అనే వస్తువుని జన్మలో ఒక్కసారైనా ఎక్కి చూడాలని ఉవ్విళ్ళూరే కుర్రాళ్ళు, కొత్త బేరాలు వస్తాయని టీ కొట్టువాడు, తోట అమ్ముకునే హక్కు తనదేనని పెద్దమావయ్య నీడ పార్టీ. వాన కురిస్తే ముందు అయిదో అంతస్తు వాళ్ళు తడిసి మిగిలిందే మనకి వస్తుందని ఎండ పార్టీ వాదిస్తే, పిడుగు పడినా ముందు వాళ్ళ మీదే పడుతుంది కదా అని నీడ పార్టీ బదులు చెప్పింది. రెండు పార్టీల సభలకీ కుర్చీలూ మైకూ మా టెంటు హౌస్‌వే గనక, రెండిటికీ వెళ్ళిన నిష్పాక్షికుణ్ణి నేనొక్కణ్ణే. మావయ్య ఏ పార్టీయో ఎవరికీ తెలీదు. అడిగితే కుర్చీలు దులుపుకునేవాడు.

ఒకరోజు కంచె దగ్గర బావా మరదళ్ళ వరసల్ని మించిపోయిన యుద్ధం జరిగింది. పెద్దమావయ్య తువ్వాలు భుజం మార్చుకుని, “ఏటే మరదలా, సూరీడు నీ ఒక్కదానికే మేనల్లుడేటి, నీ పెరట్లోనే వచ్చి కూకోడానికి?” అన్నాడు.

“మేనల్లుడు కాడు బావా, మొగుడు! నాక్కాదు, నా తాండ్రకి. మొగుడికి అడ్డంగా గోడ కడితే ఏ ఆడది ఊరుకుంటాది?” అంది అత్త. కంచెకి ఆ పక్కనున్న నీడ పార్టీ వాళ్ళు కూడా నవ్వేశారు. పెద్దమావయ్య మాత్రం నవ్వు ఆపుకోడానికి మామిడి కొమ్మకేసి తీక్షణంగా చూస్తూ నిలబడ్డాడు.

ఇది తెగేది కాదని బిల్డరు స్వయంగా వచ్చాడు. వేలికొక ఉంగరం చొప్పున పెట్టుకుని, ఖాళీ వేళ్ళు లేక బొటనవేలిక్కూడా తొడుక్కున్న మనిషి. తన భవనం నీడ అత్త పెరట్లో చాపల్ని తాకదని, తాకితే ఆమె ఏం కోరితే అది ఇస్తానని పదిమందిలో మాటిచ్చాడు. వేసవిలో పని మొదలెడతాం, అప్పుడు భవనమంత ఎత్తు గెడ నిలబెట్టి నీడ కొలిచి చూసుకుందాం అన్నాడు.

అత్త ఎంతో భక్తిగా కళ్ళు మూసుకుని తూర్పుకి దణ్ణం పెట్టింది. “వేసంకాలం దాకా ఎందుకు బాబూ? సూరీడి తగువు సూరీడి పండగనాడే తేలిపోవాల. రథసప్తమికి పెట్టించు,” అంది. అరసవల్లి సూర్యదేవుడు పక్క జిల్లాలోనే ఉండగా ఆ మాట కాదనే దమ్ము ఎవరికుంది? ఉంగరాల బిల్డరు కూడా చెంపలు వేసుకున్నాడు.

రథసప్తమి ఉదయాన పేట పేటంతా తలమీద జిల్లేడాకులు పెట్టుకుని స్నానాలు చేసి, ఆ ఆకులు జుట్టుకి అంటుకుని ఉండగానే తోటలోకి పరిగెత్తింది. మేం వెదురు గెడల్ని ఒకదానికొకటి కట్టి, కట్టి, అయిదంతస్తుల ఎత్తు చేశాం. అది లేస్తుంటే కాకులు సభ చేశాయి; పైన ఎగిరే విమానం పక్కకి తప్పుకుందని ఇప్పటికీ మా పేటలో ప్రమాణం చేసేవాళ్ళున్నారు. గెడ కొసకి ఎర్రా పసుపూ టెంటు గుడ్డ కట్టాం. దాన్ని నాలుగు తాళ్ళతో నాలుగు వైపులా లాగి పట్టుకుంటే తప్ప నిలబడదు. ఒక పార్టీ వాళ్ళే పట్టుకుంటే తమకి కావలసిన వైపు వంచేస్తారన్న అనుమానంతో, రెండు తాళ్ళు ఎండ పార్టీకీ రెండు తాళ్ళు నీడ పార్టీకీ ఇచ్చారు. మావయ్య మాత్రం గెడ మొదలు రెండు చేతులా కౌగిలించుకుని, జీవితంలో మొదటిసారి గొంతెత్తి, “గట్టిగా అట్టుకోండిరా, ఇది పార్టీలు సూసి పడదు, అందరి మీదా పడతాది!” అని అరిచాడు.

మిట్టమధ్యాహ్నం అయింది. అత్త పెరట్లో వేసవిలో పరిచినట్టే ఖాళీ చాపలు పరిచింది. వాటి మధ్య కుర్చీ వేసుకుని తీర్పరిగా పెద్దమావయ్య కూర్చున్నాడు. గుడ్డ నీడ కంచె దూకి, బావి గట్టు దాటి, చాపలన్నిటినీ తొక్కుకుంటూ వెళ్ళి వంటింటి గడప ఎక్కి, లోపలున్న పెరుగు గిన్నెలోకి తొంగి చూసింది. దారిలో పెద్దమావయ్య బట్టతల మీద కాసేపు ఆగింది. ఆయన పెద్ద తుమ్ము తుమ్మి, తువ్వాలు చుట్టుకుని, “ఓలమ్మో, సలేస్తంది!” అన్నాడు. నీడ పార్టీ నాయకుడే చలి వేస్తోందన్నాక ఇంక తీర్పేముంది! పిడకల పొయ్యి మీద వండిన పరమాన్నం చిక్కుడాకుల్లో పంచుతుంటే ఎండ పార్టీ ఆడవాళ్ళు వేసిన కేక శ్రీముఖలింగం దాకా వినిపించి ఉంటుంది.

కట్టడం ఆపెయ్యమంటుందని బిల్డరు బిక్కచచ్చి నిలబడ్డాడు. అత్త చీర కొంగు దోపుకుంది.

“కట్టుకో బాబూ, నానేటీ ఒద్దనను. నీ నీడ నా పెరడు తింటాది కాబట్టి నీ మేడ మీది ఎండ నాది. నానున్నన్నాళ్ళూ వేసంకాలమంతా నీ మేడ మీద నా సాపలుంటాయి. ఒప్పుకుంటే ఈ ముక్క తిను.”

బిల్డరు తాండ్ర నోట్లో వేసుకున్నాడు. తర్వాత అభ్యంతరం చెప్పాలనుకున్నాడేమో తెలీదు, పళ్ళు విడివడితేగా!

ఆ ఏడు కాయలు కోశాకే చెట్లు కొట్టారు. ఆ రోజు అత్తా పెద్దమావయ్యా కంచెకి ఇటొకరు అటొకరు నిలబడి ఒకే చెట్టుకేసి చూడడం నాకు బాగా గుర్తు.

భవనం లేచింది. మొదటి వేసవిలో అత్త చాపలు లిఫ్టెక్కాయి. మేడ మీద మేకల్లేవు, కుక్కల్లేవు, రోడ్డు దుమ్ము లేదు. సముద్రం నుంచి వచ్చే గాలి తప్ప ఇంకో పరాయి మనిషి లేడు. ఎండలో ఆ చాపలు నౌపడ ఉప్పు మడుల్లా మెరిసేవి, కాకపోతే బంగారు ఉప్పు. ఆ వాసన మెట్లమీదుగా దిగి ఒక్కో అంతస్తులో ఒక్కో తలుపు కొట్టేది. ఈగలొస్తున్నాయని మొదట ఫిర్యాదు చేసినవాళ్ళే, తాండ్ర అంచులు కోసే రోజు తెలుసుకుని, బట్టలు ఆరేసే నెపంతో పైకి వచ్చి చేరేవారు.

అలాంటి ఒక మధ్యాహ్నం పిట్టగోడ మీంచి కిందికి చూసి నేను అదిరిపడ్డాను. అయిదంతస్తుల భవనం నీడ పిల్లికూనలా గోడ మొదట్లోనే ముడుచుకుని పడుకుని ఉంది. అత్త పెరడంతా భగభగమని ఎండ! వేసవిలో సూర్యుడు నడినెత్తికి వస్తాడనీ, మాఘమాసంలో దక్షిణాన వాలి ఉంటాడు గనకే గెడ నీడ అంత పొడుగు సాగిందనీ నాకు అప్పుడు వెలిగింది. భక్తి కొద్దీ పేటంతా కలిసి ఎంత అమాయకపు పొరపాటు చేశామో అని గుండెలు బాదుకుంటూ అత్తకి చెప్పబోయాను. నోరు తెరిచానో లేదో, “తిను,” అని అరచెయ్యంత తాండ్ర ముక్క నోట్లో కుక్కింది. మళ్ళీ మాట్లాడగలిగేసరికి ఏం చెప్పాలనుకున్నానో మరిచిపోయాను. ఆ వేసవి నుంచీ అత్తకి పైన మేడా ఉంది, కింద పెరడూ ఉంది; రెండు చోట్లా తాండ్రే.

మొన్నటి సమావేశానికి టవరు కట్టే కుర్ర బిల్డరు కూడా లాప్‌టాప్‌తో వచ్చాడు. తెర మీద బొమ్మ సూర్యుణ్ణి అటూ ఇటూ తిప్పుతూ, వేసవిలో తమ నీడ మా మేడ జోలికే రాదని ఎంతో మర్యాదగా చెప్పాడు. మావాళ్ళు వింటేగా! నీళ్ళ ట్యాంకు పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని అత్త అంతా వింటోంది. డెబ్భై దాటినా, మోకాళ్ళు మొరాయించినా, వేసవికి చాపలు సిద్ధం చెయ్యడం మానలేదు. వేలు ఆడించి నన్ను దగ్గరికి పిలిచింది.

“ఒరే అల్లుడా, ఈ పిల్లడు తెలివైనోడురా, ఎత్తగానే వేసంకాలం మాటెత్తుతన్నాడు. రథసప్తమి దగ్గరికొచ్చేసింది, వెదుర్లున్నాయేటి మనకాడ? పదంతస్తుల మీద ఎండ ఎలగుంటాదో సూడకుండా పోతానేటి నాను!”

నేను నోరు తెరుచుకుని నిలబడిపోయాను. ఈసారి నోట్లో తాండ్ర కూడా లేదు.

అప్పట్నుంచీ నాకు నిద్రాహారాల్లేని సంబరం పట్టుకుంది. టెంటు హౌస్ నా చేతికొచ్చి, పేరు మారి, ఇనప గొట్టాలూ రంగు దీపాలూ చేరాక, మా దగ్గర వెదురు లేనే లేదు. సాలూరు సంతకి మనిషిని పంపాను. తోట పేరు మా అపార్ట్‌మెంటు నేమ్ ప్లేటు మీద మిగిలింది గానీ కాయలు ఎక్కణ్ణుంచో వ్యానుల్లో వస్తున్నాయి. గెడ మొదలు కౌగిలించుకోడానికి మావయ్య లేడు, నీడలో కూర్చుని తుమ్మడానికి పెద్దమావయ్యా లేడు. ఆ రోజు పోట్లాడుకున్నవాళ్ళు నాలుగు వైపులా నిలబడి, ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటూనే, ఒకే గెడని పడిపోకుండా పట్టుకున్నారు. చేతులు ఒరుసుకుపోయినా ఎవరూ వదల్లేదు. ఇప్పుడు మా గ్రూపులో తిట్టుకునేవాళ్ళు లిఫ్టులో ఎదురుపడితే అంతస్తుల నంబర్లకేసి చూస్తారు.

రథసప్తమికి తాళ్ళు పట్టుకోడానికి మనుషులు కావాలని నిన్న గ్రూపులో పెట్టాను. పైకెత్తిన బొటనవేలి బొమ్మలు బోలెడు వచ్చాయి. చేతులే ఇంకా రాలేదు.