ముందు పరిగెత్తేవాడు

హాకీ జట్టులో నన్ను చేర్చుకున్నది నా ఆట చూసి కాదు, నా వెడల్పు చూసి. ఐర్లండ్‌లోని డ్రోహెడాలో మా ఇంటి బాయిలర్ బాగుచేయడానికి వచ్చిన ప్లంబర్ పని ముగించుకుని వెళ్తూ, తలుపుకి అడ్డంగా నిలబడ్డ నన్ను కిందనుంచి పైదాకా చూసి, శనివారం ఖాళీయేనా అని అడిగాడు. ఆయన క్లబ్బులోని ఆఖరి జట్టుకి కెప్టెన్. మా కింద ఇంకో జట్టంటూ ఉంటే మేం అందులో ఉండేవాళ్ళం.

నేను తొమ్మిదో తరగతిలో బడికి దండం పెట్టి టైర్ల షాపులో చేరినవాణ్ణి. మా ఆవిడకి ఇక్కడ నర్సు ఉద్యోగం వస్తే వెనకాలే వచ్చి, గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతున్నాను. హాకీ కర్ర జన్మలో పట్టుకోలేదు. అయినా వచ్చే బంతికి అడ్డంగా నిలబడటానికి డిగ్రీ ఎందుకు? క్రికెట్‌లో ప్యాడ్ అడ్డం పెట్టినట్టు కాలు పెట్టేవాణ్ణి. హాకీలో బంతి కాలికి తగిలితే తప్పని నాకు చెప్పడానికి అంపైర్లు ఊదిన గాలితో ఒక లారీ టైరు నింపొచ్చు.

మా జట్టుకి ఆట తెచ్చినవాడు మాత్రం వేరే. ఇండియన్ షాపులో నా సంచి చిరిగి ఉల్లిపాయలు దొర్లిపోతుంటే, పప్పుల దగ్గర నిలబడ్డ ఒక సన్నటి కుర్రాడు గొడుగు తిరగేసి, దాని కొక్కెంతో వాటిని ఒక్కొక్కటే ఆపి నా కాళ్ళ దగ్గరికి తోశాడు. ఒక్కటి కూడా తప్పిపోలేదు. వరంగల్ వైపు పిల్లాడు. స్పోర్ట్స్ హాస్టల్లో హాకీ ఆడి, తర్వాత అన్నీ వదిలేసి డబ్లిన్‌లో మాస్టర్స్ చదువుతున్నాడు. అక్కడ అద్దె భరించలేక మా ఊళ్ళో ఉంటున్నాడు. వాణ్ణి ఆ శనివారమే లాక్కెళ్ళి కెప్టెన్ ముందు నిలబెట్టాను. వారమంతా వాడి ముఖం అసైన్‌మెంట్ కాగితంలా ఉండేది. శనివారం గ్రౌండ్‌లో మాత్రమే నవ్వేవాడు.

బంతి వాడి కర్రకి అతుక్కునే ఉండేది. చిక్కల్లా ఒకటే. ఎదటివాడు లావుగా ఉండి, వేగంగా మీదికొస్తే, వీడు బంతి వదిలేసి పక్కకి గెంతేవాడు. కెప్టెన్‌కి అది చూస్తే ఒళ్ళు మండేది. ఆయన లెక్కలో హాకీ అంటే సగం కుస్తీ.

నేనూ అడిగాను, ఎందుకురా ఆ గెంతుడు అని.

"హాకీ అంటే కట్టెతోని ఆడేది అన్నా, ఒంటితోని కాదు."

"మరి ఒళ్ళు ఇంట్లో పెట్టి రావాల్సింది. బస్సు టికెట్టన్నా మిగిలేది."

"నువ్వు కట్టె ఇంట్ల పెట్టి వస్తలేవా, గట్లనే."

సీజన్ అయ్యేసరికి ఎలాగో నాలుగో స్థానంలో తేలాం. మొదటి నాలుగు జట్లకీ ప్లేఆఫ్ ఉంటుంది. రెండు మ్యాచ్‌లు గెలిస్తే పై డివిజన్, ఓడితే ఇంటికి. సెమీఫైనల్ పోర్ట్‌లీష్‌లో, ఆ ఊరి జట్టుతో. వెళ్ళేటప్పుడు కారులోనే కెప్టెన్ తేల్చి చెప్పాడు: ఈరోజు కుర్రాడు మళ్ళీ గెంతితే బెంచీ మీద కూర్చోబెడతానని, ఫైనల్‌కి వెళ్ళినా వాడికి చోటుండదని. వాడు దారంతా కిటికీలోంచి గొర్రెల్ని చూస్తూ కూర్చున్నాడు.

మా దగ్గర ఒక రహస్య ఆయుధం ఉండేది: తెలుగు. నేను వెనక డిఫెన్స్‌లో నిలబడి, ముందున్న వాడికి అన్నీ తెలుగులో అరిచి చెప్పేవాణ్ణి. ఎడమనుంచి వస్తున్నాడు, వెనక ఖాళీ ఉంది, బంతి కుడికి కొడుతున్నాను పరిగెత్తు అని. అవతలివాళ్ళు గుడ్లప్పగించి చూసేవారు. దీంతోనే మూడు మ్యాచ్‌లు గెలిచామని కెప్టెన్ కూడా ఒప్పుకున్నాడు. ఊరికే అరవడం నాకు చేతకాదు కాబట్టి మధ్యలో అవతలివాళ్ళ మీద నాలుగు మాటలు కూడా వేసేవాణ్ణి.

పోర్ట్‌లీష్ జట్టులో ఎనిమిదో నంబరు మన రంగువాడే. ఎత్తరి, మంచి ఒడ్డూ పొడుగూ. వార్మప్‌లో పలకరిస్తే అచ్చం ఆ ఊరి ఐరిష్ యాసలో హౌ యా అన్నాడు. పంజాబీ అయ్యుంటాడనుకున్నాను. ఆట మొదలయ్యాక నేను కుడికి అని అరిస్తే, మావాడికంటే ముందు వాడు కుడికి చేరేవాడు. వెనక ఖాళీ అంటే ఆ ఖాళీలో వాడే ఉండేవాడు. వీడి తస్సాదియ్యా, ఎంత ముందుచూపు అనుకుని ఇంకా గట్టిగా అరిచాను. ఆ దున్నపోతుని తప్పించుకుని వెళ్ళు, మేత దొరికితే ఆగేలా ఉన్నాడు అని కూడా అన్నాను. ఎనిమిదో నంబరు మావాడి మీదికి బండిలా వచ్చాడు. మావాడు గెంతాడు. బంతి వాళ్ళకి దొరికింది, అట్నుంచి అటే గోల్ అయింది.

హాఫ్ టైమ్‌లో కెప్టెన్ వాడికి ఒక వేలు చూపించాడు. ఇంకొక్కసారి, అంతే. వాడు తలూపి, కర్ర పిడికి టేపు బిగించుకున్నాడు.

అప్పుడే అవతలి గట్టునుంచి పఫ్ఫర్ జాకెట్ వేసుకున్న ఒకావిడ నారింజ ముక్కల డబ్బాతో నా దగ్గరికి వచ్చింది. తెల్లారి డ్యూటీ దిగి నిద్రపోకుండా వచ్చిన నర్సు కళ్ళు, మా ఇంట్లో రోజూ చూసేవే.

"ఏం బాబూ, మావాడు దున్నపోతంటగా?" అంది.

నేను డబ్బాలోంచి ఒక ముక్క తీసుకున్నాను. "ఎవరన్నారు ఆంటీ?"

"వాడే చెప్పాడు, ఇంగ్లీషులో. మాట్లాడమంటే ముక్క రాదుగానీ, పుట్టినప్పట్నుంచీ నా తిట్లన్నీ తెలుగులోనే కదా, వినడం మాత్రం బాగా వింటాడు. తిను, పులుపేం లేదు."

అటు చూస్తే ఎనిమిదో నంబరు నాకు చెయ్యి ఊపాడు. అరగంటగా వాళ్ళ జట్టుకి ఉచితంగా కోచింగ్ ఇస్తున్నది నేనేనన్నమాట. విషయం చెప్పగానే కెప్టెన్ కడుపు పట్టుకుని నవ్వి, గ్రాండ్, అయితే ఇక నోరు మూసుకో అన్నాడు.

మూసుకున్నాను. ఎంత కష్టమో మాటలు వచ్చినవాళ్ళకే తెలుస్తుంది. చెప్పడానికి సిగ్గుగా ఉందిగానీ, నేను అరవడం మానేశాక మావాడి ఆట ఇంకా బాగుంది. వాడు ఎటు తిరుగుతాడో ఎనిమిదో నంబరుకీ తెలియదు, మాకూ తెలియదు, వాడి కర్రకి మాత్రమే తెలుసు. ఇద్దరిని దాటి గోల్‌కీపర్‌ని కూర్చోబెట్టి, బంతిని మెల్లగా లోపలికి తోశాడు. ఒకటీ ఒకటి.

"ఇన్ని రోజులు అడ్డమున్నది నువ్వే అన్నా," అన్నాడు నా పక్కనుంచి పరిగెడుతూ. ఎదురు చెప్పడానికి లేదు, నిషేధం.

ఆఖర్లో బంతి ఎగిరొచ్చి, మా గోల్ ముందు నా కాలికే తగిలింది. పెనాల్టీ కార్నర్. అంటే మా ఐదుగురం గోల్ గీత వెనక నిలబడాలి, వాళ్ళు పక్కనుంచి బంతి అందించుకుని ఎదురుగా నిలబడి బలమంతా పెట్టి కొడతారు. బంతి కదలగానే మాలో ఒకడు ముఖానికి మాస్కు తగిలించుకుని, కొట్టేవాడి మీదికి నేరుగా పరిగెత్తాలి. మా జట్టులో ఆ పని నాది. తెలివున్నవాడెవడూ ఒప్పుకోడు కాబట్టి.

కానీ తెలుగు మూసేస్తే నోట్లోంచి ఇంగ్లీషు వచ్చేసింది. అంపైర్‌తో ఒక జోకు వేశాను. ఇంగ్లీషులో నా జోకులు తగువులా వినిపిస్తాయి. ఆయన ఆకుపచ్చ కార్డు ఎత్తాడు, రెండు నిమిషాలు బయట కూర్చోమని.

కెప్టెన్ మాస్కు చేత్తో పట్టుకుని అందరి ముఖాలూ చూశాడు. అందరూ బూట్ల లేసులు చూసుకున్నారు. మావాడు ముందుకొచ్చి ఆయన చేతిలోంచి మాస్కు తీసుకున్నాడు. కెప్టెన్ ఏదో అనబోయాడు. వాడు అప్పటికే తగిలించుకున్నాడు. కొట్టబోయేది ఎనిమిదో నంబరు.

నేను గట్టుమీద కుర్చీలో ఉన్నాను. అరవకూడదు. అరిచినా ఏమని అరుస్తాను, గెంతమనా, గెంతొద్దనా?

బంతి కదిలింది. వాడు కదిలాడు. నేను పరిగెత్తితే ఫోర్క్‌లిఫ్ట్ వెళ్ళినట్టుంటుంది. వాడు మాత్రం కర్ర నేలకి ఆనించి, వంగి, గీత గీసినట్టు వెళ్ళాడు. ఎనిమిదో నంబరు కర్ర దిగింది. పరుపు దులిపినట్టు ధబ్బున చప్పుడైంది. బంతి మావాడి తొడకి తగిలింది. ఎదురొచ్చేవాడికి మోకాలి పైన తగిలితే కొట్టిన దెబ్బే ప్రమాదమని లెక్క, బంతి మాకే. అంపైర్ చెయ్యి మావైపు చూపించాడు.

వాడు పడిపోలేదు. మాస్కు తీసి పక్కన పారేసి, కుంటుకుంటూనే బంతి తోసుకుంటూ బయల్దేరాడు. ఎనిమిదో నంబరు వెనక్కి వచ్చి భుజంతో అడ్డుకున్నాడు. ఇద్దరి కర్రలూ పెనవేసుకున్నాయి. ఇక్కడే గెంతుతాడు అనుకున్నాను. గెంతలేదు. ఆ పెనుగులాటలోనే మణికట్టు ఎలా తిప్పాడో, బంతి బయటికి జారింది. దాన్ని ముందు ఖాళీగా ఉన్న కెప్టెన్‌కి పంపి, వాడు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయాడు. కెప్టెన్ షాట్ ఎంత వికారంగా కొట్టాడంటే, కీపర్ బూటుకి తగిలి, స్తంభానికి తగిలి, సిగ్గుపడుతూ లోపలికి వెళ్ళింది. దాంతో గెలిచాం.

క్లబ్ హౌస్‌లో టీ, గుడ్డు శాండ్‌విచ్‌లు. ఆంటీ ఫ్రిజ్‌లోంచి గడ్డకట్టిన బఠాణీల సంచి తెచ్చి వాడి తొడమీద పెట్టింది. నల్లగా కమిలి, బంతి అచ్చు పడింది. వాళ్ళబ్బాయి వచ్చి ఇంగ్లీషులో సారీ చెప్పాడు. మావాడు తెలుగులో ఏం పర్లేదు తమ్మీ అన్నాడు. ఆంటీ వారం రోజులు కాలు కదపొద్దంది.

కెప్టెన్ కప్పు పట్టుకుని మా బల్ల దగ్గరికి వచ్చాడు. పొగడటం ఆయనకి రాదు. వచ్చే శనివారం ఫైనల్లో కార్నర్లకి ముందు పరిగెత్తేది నువ్వే అని వాడికి చెప్పి, నా ప్లేట్లోంచి ఒక శాండ్‌విచ్ తీసుకుని వెళ్ళిపోయాడు.

వాడు నా వైపు చూశాడు. "అది నీ ప్లేస్ గదన్నా."

"తీస్కోరా, నాకు దాని మీద మోజేం లేదు," అన్నాను. కొంచెం ఉంది.

వాడు టీ ముగించాడు. తర్వాత, కొట్టేవాడికి ఏ పక్కనుంచి పోతే బంతి తొడకి కాకుండా కర్రకి తగులుతుందని అడిగాడు. నాకేం తెలుసు, నాకు ఎప్పుడూ తొడకే తగిలింది అన్నాను. అయితే నువ్వు కొట్టు, నేను ఉరికొస్తా అని లేచాడు. ఆంటీ కూర్చోమని తెలుగులో తిట్టడం మొదలుపెట్టింది. వాడు బఠాణీల సంచి బల్లమీద పెట్టి, కుంటుతూ వెళ్ళి, ఆ మూలనుంచి ఈ మూలదాకా కుర్చీలన్నీ పక్కకి జరపసాగాడు.