ఒక్క దీర్ఘం తక్కువైంది

నేను తెలుగు టీచర్ని. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. చివర్లో చెబితే మీరు నమ్మరు.

అందులోనూ మామూలు టీచర్ని కాదు. తెనాలిలో మా బడి పిల్లలు నా ఎర్రసిరా పెన్నుకి భయపడినంతగా హెడ్మాస్టరుగారి బెత్తానికి కూడా భయపడేవాళ్ళు కాదు. దీర్ఘం మర్చిపోయినవాడి చేత ఆ మాటని పేజీ నిండా రాయించేదాన్ని. "దీర్ఘమంటే అక్షరానికి పెట్టిన నగ కాదురా, దాని ప్రాణం!" అని గొంతు పెంచి మరీ చెప్పేదాన్ని. అలాంటిదాన్ని, ఒక్కటంటే ఒక్క దీర్ఘాన్ని మింగేసి, ఒక పెద్దాయన్నీ, ఆయన అభిమానుల్నీ, మా అత్తయ్యనీ ఏ గతి పట్టించానో చెబుతాను. మీరు హాయిగా నవ్వుకోండి. నాకు మాత్రం అప్పట్లో అన్నం సహించలేదు.

మా అత్తయ్యది రేపల్లె. ఆవిడకి పెళ్ళి కాక ముందు రేడియోలో ఒక మాస్టారు ఆదివారం పొద్దున్నే పాటలు నేర్పేవారట. నెలకో పాట. ఒక వారం పల్లవి, తర్వాతి వారాల్లో ఒక్కొక్క చరణం. ఆయన ఒక లైను పాడి ఆగితే, రేపల్లెలో వంటింటి గుమ్మంలో కూర్చుని అత్తయ్య ఆ లైను అందుకునేది. "బాగుంది, ఇంకోసారి" అని ఆయన రేడియోలో అంటే, తననే అన్నారని మురిసిపోయేది. తన గొంతు ఆయనకి వినపడదన్న సంగతి ఆవిడకి తట్టనే లేదట. తట్టినా ఒప్పుకుని ఉండేది కాదు.

ఆ మాస్టారి పేరు మాత్రం అడక్కండి. ఆయన్ని ఇంకోసారి బజారుకెక్కించే ధైర్యం నాకు లేదు.

ఆయన నేర్పిన పాటల్లో ఒకటి ఇలా మొదలవుతుంది:

ఏటి నీరు కడలి కలిసే చోట
ఎవరి పేరు తలచి ఆగెనో

అత్తయ్య పల్లవి నేర్చుకుంది. మొదటి చరణం నేర్చుకుంది. రెండో చరణం నేర్పే ఆదివారం నాడు ఆవిడ పెళ్ళిపీటల మీద ఉంది.

"తాళి కడుతున్నానా, దీని ధ్యాసంతా పక్కింటి రేడియో మీదేనమ్మా. బాజాలవాళ్ళని కాస్త ఆపించమని నాతోనే అంది!" అని మామయ్యగారు నాతో ఎన్నిసార్లు చెప్పారో.

"ఆపించారా మరి?" అని అత్తయ్య వంటింట్లోంచి అడిగేది.

ఆ మాట వినపడగానే ముప్ఫై ఏళ్ళుగా మామయ్యగారికి పేపర్లో ఏదో ముఖ్యమైన వార్త కనపడేది.

ఆ తర్వాత ఆ పాట ఎక్కడా వినపడలేదు. అత్తయ్య బియ్యం ఏరుతూనో, కూర తరుగుతూనో పాడుకునేది. మొదటి చరణం అయ్యాక ఆగిపోయేది. కాసేపు చెయ్యి కూడా ఆడేది కాదు. మళ్ళీ పల్లవి ఎత్తుకునేది. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో నాకది, చీకట్లో ఇంకో మెట్టుందనుకుని కాలు వేస్తే లేనట్టుగా ఉండేది.

ఒకరోజు మా ఆయన మధు ఆఫీసు నుంచి వస్తూనే చెప్పులు కూడా విప్పకుండా కేకేశారు. "అమ్మా! మీ రేడియో మాస్టారు దొరికారే! నెట్లో ఇంటర్వ్యూ ఇచ్చారు. గొంతు కూడా వినొచ్చు."

అత్తయ్య చేతిలోని గరిటె అలాగే ఉండిపోయింది. "ఏంటీ? ఉన్నారా ఆయన?"

అవి సందుకో నెట్ సెంటరు వెలిసిన రోజులు. గుడికి కట్టుకెళ్ళే వెంకటగిరి చీర కట్టుకుని, తల్లో పూలు పెట్టుకుని, అత్తయ్య నాతో నెట్ సెంటరుకి బయల్దేరింది. అక్కడ ఉన్నది ఒక్కటే హెడ్‌ఫోను. ఆ చెవి ఆవిడకి, ఈ చెవి నాకు. తలలు ఆనించుకుని, గాజులు అమ్మే కొట్లో అద్దం ముందు అక్కచెల్లెళ్ళలా కూర్చున్నాం.

గొంతు మొదలైంది. వణుకుతోంది గానీ ఆయనదే. అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది.

"నేను పోయి..." అని మాస్టారు ఆగిపోయారు. తెర మీద చక్రం తిరుగుతోంది. ఆ రోజుల్లో ఇంటర్నెట్ రెండు ముక్కలు మాట్లాడి నాలుగు నిమిషాలు ఊపిరి పీల్చుకునేది.

"అయ్యో, పోయారా!" అంది అత్తయ్య, కళ్ళనిండా నీళ్ళతో.

"...న ఏడాది స్నానాల గదిలో జారిపడ్డాను" అని మాస్టారు పూర్తి చేశారు.

తుంటి ఎముక విరిగిందట. ఆపరేషన్ అయిందట. ఇప్పుడు బాపట్లలో కూతురి దగ్గర ఉంటున్నారట. రేడియోలో నేర్పిన పాటలన్నీ పూర్తి చరణాలతో మళ్ళీ రికార్డు చేసి సీడీగా తేవాలని ఉందట. దూరాన ఉన్న పిల్లలకి కంప్యూటర్ ద్వారా పాఠాలు చెప్పాలని కూడా ఉందట. "కానీ ఈ వయసులో నా పాట ఎవరికి కావాలి?" అని నవ్వారు.

కింద అభిమానులు రాసిన మాటలు వరసగా ఉన్నాయి. ఈపురుపాలెం నుంచి ఒకాయన, వాళ్ళ నాన్న మగ్గం ఆపి మరీ మాస్టారి పాఠం వినేవాడని రాశాడు. కాకుమాను ఆడపడుచు ఒకావిడ, ఆ రేడియో ఇంకా తన దగ్గరే ఉందనీ, పలకకపోయినా దుమ్ము తుడుస్తుంటాననీ రాసింది. అత్తయ్య ఒక్కొక్కటీ నాచేత చదివించుకుని విన్నది. తనలాంటివాళ్ళు ఇంతమంది ఉన్నారని ఆవిడకి తెలియదు.

"మనమూ రాద్దామే. ఆ చరణం పాడమని అడుగు."

నాకప్పటికి కంప్యూటర్లో తెలుగు అక్షరాలు కొట్టడం రాదు. ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు మొదలుపెట్టాను. ఇంతలో సెంటరాయన, "మేడం, కరెంటు పోయే టైమైందండి, తొందరగా కానివ్వండి!" అన్నాడు. నా వేళ్ళు ఎద్దుల పందెంలో ఎడ్లలా పరిగెత్తాయి. నేను రాశాననుకున్నది ఇదీ:

"మాస్టారికి నమస్కారం. ముప్ఫై ఏళ్ళ కిందట మీరు పాడినప్పుడు మా అత్తయ్యగారు పెళ్ళిలో ఉండి చివరిదాకా వినలేకపోయారు. అప్పటి నుంచీ ఎదురు చూస్తున్నారు. ఆవిడ కోసం దయచేసి మళ్ళీ పాడండి. ఈసారి మధ్యలో ఆపకుండా పూర్తిగా పాడండి. మీరు పాడితే మా ఇంటిల్లిపాదికీ పండగే. ఇట్లు, శారద, తెలుగు టీచరు, తెనాలి."

'పా' అనాలంటే ఇంగ్లీషులో 'ఏ' అక్షరం రెండుసార్లు కొట్టాలి. నేను ఒక్కసారే కొట్టాను. ఒక చోట కాదు, అన్ని చోట్లా.

ఇప్పుడు మీరే ఆ దీర్ఘాలు తీసేసి చదువుకోండి.

రెండు రోజుల తర్వాత మధు ఇంటికొచ్చి, నన్ను పక్కకి పిలిచారు. "శారదా, ఆ పెద్దాయన నీకేం అపకారం చేశాడు?"

"ఏంటండీ?"

"మళ్ళీ పడండి అని రాశావు. పూర్తిగా పడండి అన్నావు. ఆయన పడితే మనింట్లో పండగట!"

మర్నాడు సెంటరుకి పరిగెత్తి చూస్తే, నా మాటల కింద లోకంలోని తెలుగువాళ్ళంతా గుమిగూడి ఉన్నారు. "ఈవిడ మనిషేనా?" అని ఒకరు. "ఆవిణ్ణేం అంటాం, ముప్ఫై ఏళ్ళుగా ఒక ముసలాయన ఎప్పుడు పడతాడా అని కాచుకుని కూర్చున్న ఆ అత్తగారిని అనాలి" అని ఇంకొకరు. "తెలుగు టీచరట! పిల్లల్ని దేవుడే కాపాడాలి" అని మరొకరు.

వెంటనే క్షమాపణ రాశాను. "అయ్యా, నా ఉద్దేశం మాస్టారు పడాలని కాదు, పాడాలని."

ఎక్కడో సముద్రాల అవతల నుంచి ఒకాయన అరగంటలో జవాబిచ్చాడు. "పడాలని కాదు, పడాలనా? తేడా ఏంటో సెలవివ్వండి."

మళ్ళీ ఒక్క 'ఏ'నే కొట్టాను! నా చేతికేం రోగమొచ్చిందో ఈనాటికీ తెలియదు.

బడిలో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె లేచి, కళ్ళు అమాయకంగా పెట్టుకుని, "టీచర్, పడు, పాడు ఒకటేనాండి?" అని అడిగింది. క్లాసంతా పుస్తకాల్లో ముఖాలు దాచుకుంది. హెడ్మాస్టరుగారు స్టాఫ్ రూములో ఏమీ అనలేదు గానీ, నేను మెట్లు దిగుతుంటే మాత్రం, "జాగ్రత్తమ్మా, పూర్తిగా దిగండి" అన్నారు.

ఇవన్నీ పడ్డాను. అత్తయ్య తిట్టినా పడేదాన్నే. ఆవిడ తిట్టలేదు. విషయం తెలిసిన రోజు నుంచీ పాట మానేసింది. పల్లవి కూడా లేదు. బియ్యం ఏరుతున్న చప్పుడొక్కటే వినపడేది వంటింట్లోంచి. మామయ్యగారు పేపరు పక్కనపెట్టి అటు చూసేవారు, మళ్ళీ పేపరు తీసేవారు.

"ఏదైనా పాడవే" అన్నారు ఒకసారి, పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి.

"ఆయన మనసు కష్టపెట్టుకుని ఉంటారండి. ఇంక నాకెందుకు ఆ పాట?" అంది అత్తయ్య.

ఆ ఆదివారం నేనే అన్నాను. "పదండత్తయ్యా, బాపట్ల వెళదాం. రాసి చెడగొట్టాను, నోటితో చెప్పి బాగుచేస్తాను."

అత్తయ్య సున్నుండల డబ్బా పట్టుకుంది. ప్యాసింజరులో కూర్చున్నాం. నిడుబ్రోలు దాటేదాకా ఆవిడ డబ్బా మూత తీసి సున్నుండలు లెక్కపెడుతూనే ఉంది. దాటాక మాత్రం, "మాట్లాడేటప్పుడు దీర్ఘాలు చూసుకో" అంది.

బాపట్లలో దిగి, పాటల మాస్టారి ఇల్లెక్కడని అడిగితే రిక్షా ఆయనే తీసుకెళ్ళాడు. తలుపు తీసింది కూతురు.

"ఏ ఊరండి?"

"తెనాలండి."

ఆవిడ కళ్ళు చిన్నవయ్యాయి. "మీరు టీచరా?"

"అవునండి" అన్నాను, దొంగతనం ఒప్పుకున్నట్టు.

ఆవిడ లోపలికి తిరిగి పెద్దగా కేకేసింది. "నాన్నా! కుర్చీ గట్టిగా పట్టుకుని కూర్చోండి! వచ్చారు!"

మాస్టారు కిటికీ పక్కన వాలుకుర్చీలో ఉన్నారు. సన్నగా, తెల్లగా, ఉతికి ఆరేసిన పంచెలా ఉన్నారు. చేతికర్ర ఒళ్ళో ఉంది.

"మాస్టారూ, నేను పడమనలేదండి. పాడమన్నానండి!" అన్నాను. ఆ 'పా'ని ఎంత సాగదీశానంటే, పక్కింటివాళ్ళు గోడ మీంచి తొంగి చూశారు.

"శ్రుతిలోనే ఉందమ్మా, చాలు" అన్నారు మాస్టారు. ఆయన భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారేమోనని హడలిపోయాను. నవ్వుతున్నారు. నవ్వీ నవ్వీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మా అమ్మాయి చదివి వినిపిస్తుంటేనే అర్థమైందిలే తల్లీ. అందరూ రాశారు. ఆరోగ్యం చూసుకోమన్నారు, విశ్రాంతి తీసుకోమన్నారు. వాళ్ళ ప్రేమ అది, కాదనను. కానీ పాడండి అని ఒక్కరూ అనలేదు. నువ్వొక్కదానివే అడిగావు." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "ఎవరికమ్మా, ఆ చరణం కావాల్సింది?" అన్నారు.

అత్తయ్య నా వెనక నుంచి రాలేదు. నేనే పక్కకి జరిగాను. ఆవిడ డబ్బా గుండెలకి హత్తుకుని, పల్లవి మాటల్ని పాడకుండా, పాఠం అప్పగించినట్టు చెప్పింది.

మాస్టారు కళ్ళు మూసుకున్నారు. వేళ్ళతో కుర్చీ చేతి మీద తాళం వేసుకున్నారు. తర్వాత తల అడ్డంగా ఊపారు.

"గుర్తు రావట్లేదమ్మా. ఎన్నో నేర్పాను. ఆ టేపులు కూడా లేవు. ఒకదాని మీద ఒకటి రికార్డు చేసేవాళ్ళు అప్పట్లో."

అత్తయ్య ముఖం చూడలేకపోయాను. కిటికీలోంచి బయటికి చూశాను. అక్కడ చూడ్డానికేమీ లేదు.

"మీకు వచ్చినంతవరకు పాడండి. నేను నేర్చుకుంటాను" అన్నారు మాస్టారు.

అత్తయ్య పాడింది. ఎదుట మనిషిని పెట్టుకుని ఆవిడ పాడటం నేను అంతకుముందు చూడలేదు. మొదటి లైను వణికింది. మాస్టారు దాన్ని అందుకున్నారు. రెండో లైను ఆవిడ, ఆ వెంటనే ఆయన. ఒకచోట ఆయన తడబడితే అత్తయ్య తనకి తెలియకుండానే, "కాదండి, ఇలా" అని సరిచేసింది. అని నాలిక కరుచుకుంది. ఆయన బుద్ధిగా సరిచేసుకుని, "బాగుంది, ఇంకోసారి" అన్నారు.

అత్తయ్య కొంగుతో ముఖం కప్పుకుంది.

మొదటి చరణం అయిపోయింది. అలవాటు ప్రకారం అత్తయ్య ఆగింది. మాస్టారు ఆగలేదు. మాటలు లేవు, ఉత్త రాగం. చెయ్యి గాల్లోకి లేచింది, దేన్నో వెతుక్కుంటున్నట్టు తిరిగింది. పాట మా ఇంట్లో ఎప్పుడూ వెళ్ళని చోటికి వెళ్ళింది, అక్కడే కాసేపు తచ్చాడి, మెల్లగా పల్లవిలోకి వచ్చి పడింది. మాటలు మాత్రం రాలేదు.

"పాట రాసినాయన పిల్లలు ఎక్కడో ఉండాలి. వాళ్ళనడిగి చరణం కనుక్కుని సీడీలో పెడతాను. నాది పూచీ" అన్నారాయన.

తిరుగు రైల్లో అత్తయ్య కిటికీ పక్కన కూర్చుని, మాటల్లేని ఆ రాగాన్ని పెదవి కదపకుండా లోపల్లోపలే అనుకుంటూ వచ్చింది. తెనాలి వచ్చినా లేవలేదు. నేనే లేపాను.

మరుసటేడు సీడీ పోస్టులో వచ్చింది. మధు ప్లేయరు తెచ్చారు. అందరం కూర్చున్నాం. పల్లవి అయింది. మొదటి చరణం అయింది. వీణ మోగుతోంది, ఇంకొక్క క్షణంలో ఆ చరణం. అత్తయ్య గభాలున లేచి ప్లేయరు ఆపేసింది.

"ఏంటత్తయ్యా!"

"ఇవాళొద్దులే. రేపు వింటాను."

ఆ రేపు ఇంకా రాలేదు. బియ్యం ఏరుతూ ఆవిడ ఇప్పటికీ మొదటి చరణం దగ్గర ఆగుతుంది. ఆగినప్పుడు ముఖంలో ఏదో కొత్త వెలుగు ఉంటుంది. నేను అడగను.

కానీ మామయ్యగారు ఊరుకుంటారా? అత్తయ్య బజారుకెళ్ళినప్పుడు తలుపేసుకుని, ఆ రెండో చరణం విని విని నేర్చేసుకున్నారు. ఇప్పుడు మా ఇంట్లో ఆవిడ మాట ఒక్కటీ చెల్లడం లేదు. కాకరకాయ వండితే చాలు, ఆయన గొంతు సవరించుకుని, "అందుకోమంటావా?" అంటారు. ఆవిడ రెండు చెవులూ మూసుకుని, "వద్దండీ, వద్దు! బంగాళాదుంపలు వేయిస్తాను!" అని లోపలికి పరిగెడుతుంది.

ఇక నేను. అందరి ఎదుటా, ఒంటికాలి మీద నిలబడి శపథం చేస్తున్నాను. ఈ జన్మలో ఏ కళాకారుణ్ణీ ఇంగ్లీషు అక్షరాల్లో ఏమీ కోరను. ఏదైనా అడగాలనిపిస్తే టిక్కెట్టు కొనుక్కుని, రైలెక్కి, గుమ్మం దాకా వెళ్ళి, నోరారా అడుగుతాను. ఆయన గట్టి కుర్చీలో కూర్చున్నారని రూఢి చేసుకున్నాకే అడుగుతాను.