మంచినీటి గాలాలు

గాలపు కర్రను చేతికిస్తే ఎవరైనా ముందు దాన్ని గాలిలో ఊపుతారు. జెద్దాలోని బలద్ బజారులో, చేపలవేట సామాను అమ్మే దుకాణంలో నిలబడి నేను ఎన్నో ఏళ్లు చూసింది అదే. సౌదీ, పాకిస్తానీ, ఈజిప్టువాడు, మనవాడు, అందరూ ఊపేవాళ్లే. ఊపితే కర్ర సంగతి ఏమీ తెలియదు, ఊపినవాడి సంగతి కొంత తెలుస్తుంది. కర్ర కొనను పైకప్పుకు ఆనించి మెల్లగా వంచాలి. కొన దగ్గరే వంగేది ఒక పనికి, నడుము నుంచి వంగేది ఇంకో పనికి. దారం నడిచే ఉంగరాల్లోంచి దూది పోగు లాగి చూడాలి. సన్నని పగులున్న చోట దూది పట్టుకుంటుంది. రేపు పెద్ద చేప పడ్డప్పుడు దారాన్ని కోసేది ఆ పగులే. రీలునైతే చెవి దగ్గర పెట్టుకుని తిప్పాలి. మెరుపు చూసి రీలు కొన్నవాడు మళ్లీ కొనుక్కోక తప్పదు.

ఇవేవీ నేను దుకాణంలో నేర్చుకున్నవి కావు. కరీంనగర్ వైపు మా గడిలో, అంటే ఊరి దొరల కోటలాంటి ఇంట్లో, వేట సామానుకే ఒక గది ఉండేది. హైదరాబాదు నుంచి పెద్ద ఉద్యోగులు, అప్పుడప్పుడు ఇంగ్లీషు దొరలు వచ్చి మా తాతతో కలిసి గోదావరిలో గాలాలు వేసేవారట. నా కాలానికి అతిథులు లేరు, కర్రలు మాత్రం మిగిలాయి. తాత వాటిని ఒక్కొక్కటే తీసి, వంచి, తుడిచి, ఎందుకు మంచిదో చెప్పి మళ్లీ పెట్టేవాడు. నేను డిగ్రీలో ఉండగా గడి తలుపులు మూతపడ్డాయి. మేము హైదరాబాదులో రెండు గదుల అద్దె ఇంటికి వచ్చాము. ఎందుకలా జరిగిందో ఊళ్లో ఒక రకంగా చెబుతారు, మా ఇంట్లో ఒక రకంగా చెబుతారు. నేను రెండూ విన్నాను. విని చేసేదేమీ లేదు కనక గల్ఫ్ వీసా పుచ్చుకున్నాను.

కాగితం మీద నేను గుమస్తాను. దిగిన మరునాడే నా కఫీల్, అంటే దుకాణం యజమాని, నన్ను అమ్మకాల దగ్గర నిలబెట్టాడు. నాకు మంచి ఉర్దూ వచ్చు. ఇంగ్లీషు వచ్చు. అతనికి అది చాలు. నన్ను "సదీక్" అని పిలిచేవాడు. స్నేహితుడా అని అర్థం. అక్కడ ఆ మాటను పేరు అడగనక్కర్లేని పరదేశి పనివాళ్లతో వాడతారు. నా పాస్‌పోర్టు అతని ఇనప బీరువాలో ఉండేది. అమ్మేవాడి కోసం ఒక స్టూలు వేసి ఉండేది. దాని మీద నేను ఎన్నడూ కూర్చోలేదు. కూర్చున్నవాణ్ణి "ఏయ్" అని పిలుస్తారు. నిటారుగా నిలబడినవాణ్ణి పిలవడానికి ఒక క్షణం ఆలోచిస్తారు.

కువైట్ యుద్ధం వచ్చిన చలికాలంలో బేరాలు లేవు. క్షిపణులు ధహ్రాన్ వైపు, రియాద్ వైపు పడ్డాయి గాని జెద్దా దాకా రాలేదు. అయినా తీరం మీద కాపలా పెట్టి ఎవరినీ గాలం వెయ్యనియ్యలేదు. మావాడు గాలాల పక్కనే విషవాయువు మాస్కులు వేలాడదీసి అమ్మాడు. ఖాళీగా నిలబడిన ఆ రోజుల్లోనే నాకు ఒక ఆసుపత్రిలో ఉద్యోగం కుదిరింది. హజ్‌కు వచ్చే హిందుస్తానీ, పాకిస్తానీ రోగుల మాట విని ఇంగ్లీషులో రాసిపెట్టే పని. ఒక బల్ల, ఒక కుర్చీ, ఎదుటివాడు మర్యాదగా మాట్లాడక తప్పని చోటు. హజ్ నాటికి వచ్చి చేరమన్నారు. కావలసింది ఒక్కటే, తనాజుల్. ఒక కఫీల్ తన మనిషిని మరొక కఫీల్‌కు వదులుతూ పెట్టే సంతకం. మనవాళ్లు దాన్ని రిలీజ్ అంటారు. అడిగితే యజమాని "యుద్ధం అయిపోనీ, చూద్దాం" అన్నాడు.

యుద్ధం అయిపోయింది. ధహ్రాన్‌లో చమురు కంపెనీ కాలనీ నుంచి కొందరు అమెరికన్లు ఇళ్లు ఖాళీ చేసి స్వదేశం వెళుతూ సామాన్లు అమ్మేశారు. బంధువుల పెళ్లికి అటు వెళ్లిన మా యజమాని ఒక పికప్ నిండా గాలపు కర్రలు, రీళ్లు, ఎరల పెట్టెలు వేసుకుని తిరిగొచ్చాడు. నన్ను పిలిచి, పెట్టె మూత తెరిచి, నిధి చూపించినట్టు చూపించాడు.

నేను చూశాను. ఊదా రంగు ప్లాస్టిక్ వానపాములు. రేకు తళుకుల కింద రబ్బరు కుచ్చులు. పొట్ట కింద రెండేసి కొక్కేలున్న ఆకుపచ్చ కప్పలు.

"ఇవి బాస్ అనే చేప కోసం చేసినవి. అది అమెరికాలో చెరువుల్లో, సరస్సుల్లో ఉంటుంది. మంచినీటి చేప" అన్నాను ఉర్దూలో.

"అయితే?"

"ఎర్ర సముద్రంలో కప్పలు ఉండవు."

అతను పడి పడి నవ్వాడు. నేను నవ్వలేదు. విడమరచి చెప్పాను. బాస్ గడ్డిలో, మునిగిన మొద్దుల కింద నక్కి ఉంటుంది. పైన కప్ప కదిలిందనుకుని నోరు తెరుస్తుంది. ఈ కురచ కర్రలు ఆ గడ్డి సందుల్లోకి గురిచూసి విసరడానికి చేసినవి. ఈ చిన్న రీళ్లను బొటనవేలితో అదిమి పట్టి విసరాలి, అలవాటు లేనివాడి చేతిలో దారం పిచ్చుకగూడు అవుతుంది. లోపలి ఇనుము ఉప్పుగాలికి ఆగదు. ఇక్కడి హమూర్ చేప కొక్కెం మింగి పగడపు గుట్టలోకి దూరిందంటే వెనక్కి లాగే బలం వీటికి లేదు.

అంతా విని, "నీళ్లు నీళ్లే, చేప చేపే, సదీక్" అన్నాడు. "అమ్ము. ఇవన్నీ అయిపోయిన రోజు నీ తనాజుల్ మీద సంతకం పెడతాను. వల్లాహి."

దేవుడి మీద ఒట్టు వేశాడు కనక నమ్మాను.

కర్రలను గోడకు వరసగా నిలబెట్టాను. కప్పలను కొక్కేలకు తగిలించాను. వచ్చినవాళ్లు వాటి దగ్గరికే పోయేవాళ్లు. ఆ కర్రలకు అందమైన బెండు పిడులు, రీళ్లకు నీలం, ఎరుపు రంగులు. "సముద్రానికి పనికొస్తాయా?" అని అడిగేవాళ్లు. "పనికిరావు" అని చెప్పేవాణ్ణి. పెట్టేసి వెళ్లిపోయేవాళ్లు. ఒక అబద్ధం ఆడితే నీ కుర్చీ నీకు వచ్చేది కదా అని తరవాత చాలామంది అన్నారు. మా గడిలో ఏమేం జరిగాయో నేను ఇక్కడ వకాల్తా పుచ్చుకోను. కాని పనికిరాని వస్తువును పనికొస్తుందని చెప్పి మా ఇంటివాళ్లు ఎవరికీ అంటగట్టలేదు. అమ్ముకోవాల్సిన అవసరం మీకేం వచ్చింది, మీకు తీసుకోవడమే కదా అలవాటు, అని ఊరివాళ్లు అనవచ్చు. అననివ్వండి.

శుక్రవారం సాయంత్రాలు మా జిల్లా మనుషులు బలద్‌కు వచ్చేవారు. తాపీపనివాళ్లు, పైపులు బిగించేవాళ్లు, సెంట్రింగ్ పనివాళ్లు. ఫోన్ చేసుకోవడానికి, మనవాళ్ల ముఖాలు చూడడానికి వచ్చి, దుకాణంలో కాసేపు నిలబడి పోయేవారు. వాళ్లలో ఒక తాపీమేస్త్రీకి నోరు ఊరుకునేది కాదు. గుమ్మంలోనే నడుము వంచి, చేతులు జోడించేవాడు.

"బాంచెన్ దొరా! గా కప్ప ఎంత? కూరకు మంచిగుంటదా?"

"నీకు ఉత్తగ ఇస్త, తీస్కపో" అనేవాణ్ణి.

"వామ్మో, గడిలకెళ్లి ఉత్తగ ఇచ్చుడా! తారీకు రాస్కోండ్రిరా!"

అందరూ నవ్వేవారు. నేను కర్రలు సర్దుతూ ఉండిపోయేవాణ్ణి.

వాళ్లలో పెద్దవాడు ఒక పైపు ఫిట్టరు. మా పక్క ఊరివాడు, బెస్తవారి మనిషి. వాళ్ల నాన్న మా చెరువులో వలలు వేసేవాడు. అతను జోకులు వేసేవాడు కాదు. ఒక శుక్రవారం గోడ వైపు చాలాసేపు చూసి అడిగాడు.

"గివి గిట్లనే ఉంటున్నయేంది దొరా? ఎవ్వలు గొంటలేరా?"

"కొనరు. సముద్రంలకు పనికిరావు."

"గట్ల జెప్తె ఎవడు గొంటడు మరి?"

"కొనొద్దనే చెప్తున్న."

"నీకు దవాఖాన్ల కొలువు అచ్చిందట గదా?"

"వచ్చింది. ఈ కట్టెలు ఒడిసేదాక రిలీజ్ ఇయ్యనంటున్నడు. హజ్ దాటితే ఆ కొలువు ఇంకొకనికి పోతది."

ఆ ఫిట్టరు మరుసటి శుక్రవారం తన కూలీల క్యాంపు మొత్తాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. దుకాణంలో పట్టనంత మంది.

"నాకొకటియ్యి."

"నాకు గా నీలం రీలుది."

"నాకు కప్పలు గావాలె. రెండియ్యి, జోడుంటె మంచిగుంటది."

"ఇవి సముద్రంల నడువయి" అన్నాను మొదటివాడితో. రెండోవాడితోనూ అదే అన్నాను.

"దొర జెప్పుడైతె జెప్పిండుల్లా. మనమే ఇంటలేం" అన్నాడు తాపీమేస్త్రీ.

సంగతి నాకు అర్థమైంది. ఫిట్టరును బయటికి, సందులోకి పిలిచాను.

"ఏందిది? నాకు బిచ్చమేస్తున్నరా?"

"బిచ్చమెందుకైతది దొరా?" అతని గొంతు పెరగలేదు. "మా అయ్య ఉన్నన్నొద్దులు, చెరువుల వల వడంగనే మొదటి గంప మీ గడికి మోసిండు. లోపట్నుంచి మాట అచ్చేదాక ఊళ్లె ఒక్క శాప అమ్మొద్దు. నేను సుత మోసిన. మీ అరుగు ముంగట ఎండల గూసున్న. గంపల శాపలు వాసనస్తుండె, లోపల మీ తాత పండుకొని ఉండె. లేపుమని ఎవ్వన్నడుగుత?"

అతను దుకాణంలోని వరస వైపు చెయ్యి చూపించాడు.

"గిది సుత గట్ల గంపే అనుకో. ఆఖరి గంప. మల్ల లేదు."

అతను లోపలికి వెళ్లి వరసలో నిలబడ్డాడు. నేను సందులో ఉండిపోయాను. వాళ్లందరినీ పొమ్మనడం నాకు చేతనవును. పొమ్మంటే పోయేవారు కూడా. కాని ఆ ఆసుపత్రి బల్ల, కుర్చీ నా కళ్లముందు ఉన్నాయి. మా తాత అరుగు ముందు ఎండలో కూర్చున్న పిల్లవాడు నడివయసు మనిషై వచ్చి నాకు ఆ కుర్చీ ఇప్పిస్తున్నాడు. అందులో దయ ఎంతో, చెప్పుదెబ్బ ఎంతో విడదీసే తీరిక నాకు లేదు. లోపలికి వెళ్లాను.

అయితే చేతికందిన కర్ర తీసి ఇవ్వలేదు. ఒక్కొక్కడికి ఒక్కొక్కటి ఎంచి ఇచ్చాను. కొన పైకప్పుకు ఆనించి వంచి చూశాను, ఉంగరాల్లో దూది లాగాను, రీలు తిప్పి విన్నాను. పగులున్న వాటికి ఉంగరం మార్చి కట్టాను. తాపీమేస్త్రీ ఇది చూసి పక్కవాణ్ణి పొడిచాడు.

"పనికిరాని దాంట్ల పనికచ్చేది ఏరుతున్నడు సూడురా. దొరతనమంటె గిదే!"

ఆ రోజు కొన్నారు, తరవాతి శుక్రవారం వేరే క్యాంపు మనుషులను తెచ్చారు. కప్పలు, వానపాములు అన్నీ పోయాయి. గోడ ఖాళీ అయింది. వాటిని వాళ్లు ఏం చేశారో నాకు తెలియదు. సముద్రం దగ్గర వాటితో ఎవరూ కనిపించలేదని మాత్రం విన్నాను.

యజమాని వచ్చి గోడ చూసి నా భుజం తట్టాడు. నాకోసం చాయ్ తెప్పించాడు. నేను చాయ్ ముట్టకుండా ఆసుపత్రివాళ్లు ఇచ్చిన తనాజుల్ కాగితాన్ని అతని ముందు పెట్టాను. దాన్ని చదివి మడత పెట్టి నాకే తిరిగి ఇచ్చాడు.

"అమెరికావాళ్ల కప్పల్ని ఎర్ర సముద్రం ఒడ్డున అమ్మినవాణ్ణి ఎవడైనా వదులుకుంటాడా, సదీక్?"

"మీరు వల్లాహి అన్నారు."

"అన్నాను. ఇవన్నీ అయిపోయిన రోజున అన్నాను. ఇవి ఎక్కడ అయిపోయాయి? ధహ్రాన్‌లో ఇంకా ఉన్నాయి. మావాడికి చెప్పాను, లారీలో పంపుతున్నాడు."

తాను నన్ను మోసం చేస్తున్నానని అతను అనుకోలేదు. తన చమత్కారానికి తానే మురిసిపోతున్నాడు. అందుకే నాకు ఎక్కువ మండింది. నేను అమ్మలేదనీ, మా జిల్లావాళ్లు నన్ను కొన్నారనీ అతనికి చెప్పవలసి ఉంది. ఆ మాట నా నోట రాలేదు. హజ్‌కు ముందే ఆసుపత్రివాళ్లు వేరే మనిషిని తీసుకున్నారు.

శుక్రవారం ఫిట్టరు ఒక్కడే వచ్చాడు. సంగతి అప్పటికే క్యాంపులో తెలిసిపోయింది.

"సంతకం వెట్టలేదట గదా."

"పెట్టలేదు. ఇంకో లారీ వస్తున్నదట."

అతను మెడ మీద చెమట తుడుచుకున్నాడు. ఖాళీ గోడ వైపు చూశాడు.

"ఈసారి మీరు కొనొద్దు" అన్నాను.

"కొనం దొరా" అన్నాడు. "ఆఖరిదన్న గదా."

అతను వెళ్లిన కొన్నాళ్లకే లారీ వచ్చింది. పెట్టెల తాళ్లు కోసి, కర్రలు గోడకు నిలబెట్టి, కప్పలు తగిలించాను. మామూలుగా బేరాల వేళ దుకాణంలో ఉండని యజమాని ఆ రోజు తన కుర్చీలో జపమాల తిప్పుకుంటూ చూస్తున్నాడు. మొదటి బేరం ఒక పాకిస్తానీ డ్రైవరు. ఎర్ర రీలున్న కర్ర మీద అతని కన్ను పడింది. దాన్ని తీసి, సముద్రంలో పనిచేస్తుందా అని అడిగాడు.

"ఉస్తాద్, యే సమందర్ మే చలేగా?"

"నహీ చలేగా" అన్నాను, అవసరమైన దానికన్నా కాస్త గట్టిగానే. "మీఠే పానీ కా హై." మంచినీళ్లదని తేల్చి చెప్పాను.

డ్రైవరు కర్రను తిరిగి గోడకు ఆనించి వెళ్లిపోయాడు. యజమాని వేళ్ల మధ్య జపమాల ఆగింది. అతనికి ఉర్దూ బాగానే వచ్చు.