దీవెన గుర్తుపట్టిన ఎముక

పన్నెండేళ్ళుగా నా ఉద్యోగం, నా పేరు, నా మర్యాద ఒక అబద్ధం మీద నిలబడి ఉన్నాయి. ఆ బరువు ఎక్కడ దించుకోవాలో తెలియక మోస్తూ వచ్చాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మిన్నెసోటాలో ఒక యూనివర్సిటీలో రాతియుగపు ఎముకల మీద పని చేస్తాను. వేల ఏళ్ళ కిందట, అంతటి చలిలో, మనుషులు జంతువుల తోళ్ళతో ఎలా బతికి బయటపడ్డారన్నది నా విషయం. తోలు మిగలదు, కుళ్ళిపోతుంది. మిగిలిన ఎముకలను చూసి ఊహించుకోవాలి. ఆ రోజుల్లో నా దగ్గరికి ఒక గుహలో దొరికిన ఎముకలు వచ్చాయి. రెండేళ్ళు వాటితో కుస్తీ పట్టినా ఏమీ తేలలేదు. ఉద్యోగం పర్మనెంట్ కాదేమోనని భయం పట్టుకుంది.

అప్పుడు వచ్చింది దీవెన. గుంటూరు దగ్గరి అమ్మాయి. భర్తది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆమెది డిపెండెంట్ వీసా కాబట్టి ఉద్యోగం చేయకూడదు. బీఎస్సీ జువాలజీ చదివింది, ఇక్కడ మాస్టర్స్ చేయాలని ఆశ. వాళ్ళ తెలుగు చర్చిలో ఎవరో నా గురించి చెబితే వచ్చి, జీతం లేకపోయినా ఫర్వాలేదంది. వారానికి మూడు రోజులు ఎముకలు బ్రష్‌తో శుభ్రం చేసి లేబుళ్ళు రాసేది.

ఒక మధ్యాహ్నం, తిని పారేసిన ముక్కలనుకుని నేను పక్కన పడేసిన డబ్బాలోంచి చిన్న పక్కటెముక ఒకటి తీసింది. కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది.

“మేడం, ఇది తిని పారేసింది కాదండీ. తోలు రుద్దేది.”

“నీకెలా తెలుసు?”

“మా తాత దగ్గర ఇట్టాంటిదే ఉండేదండి. గేదె పక్కటెముక. కొవ్వు గీకేశాక, తోలు తడిగా ఉన్నప్పుడే దీంతో రుద్ది రుద్ది మెత్తబరిచేవాడు. లేకపోతే ఎండి రేకులాగా బిగుసుకుపోద్ది, ఒంటికి చుట్టుకోటానికి రాదు. చూడండి, ఈ ఒక్క అంచే నున్నగా అరిగింది.”

దీవెన వాళ్ళ కులమేదో నాకు అర్థమైంది. అప్పుడు నేనేం చేశానో వినండి. రోజంతా చచ్చిన జంతువుల ఎముకలు వట్టి చేతులతో పట్టుకునే నేను, బల్ల మీద ఆమె చేతికి దగ్గరగా ఉన్న నా కాఫీ కప్పును ఇవతలికి జరుపుకున్నాను. కావాలని జరిపానా? చెయ్యి దానంతటదే కదిలిందా? ఏదైతేనేం, చెయ్యి నాదే కదా. దీవెన చూసింది. గొంతు తగ్గించి, “ఈ సంగతి మన తెలుగువాళ్ళ దగ్గర అనకండి మేడం,” అంది.

అనలేదు. తెలుగువాళ్ళ దగ్గరే కాదు, ఎవరి దగ్గరా అనలేదు.

ఆ డబ్బా అంతా మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే అలాంటివే మరికొన్ని దొరికాయి. అన్నిటికీ ఆమె చెప్పినట్టే ఒక అంచే అరిగి ఉంది. ఆ మనుషులు తోలును ఊరికే మీద వేసుకోలేదని, మెత్తబరిచి ఒంటికి అమిరేలా చేసుకోబట్టే ఆ చలికి తట్టుకున్నారని ఒక సైన్సు పత్రికకు పేపరు రాశాను. ప్రింటర్‌లో దాన్ని చూసి దీవెన అడిగింది.

“ఇందులో నా పేరు కూడా ఉంటదా మేడం? మాస్టర్స్ అప్లికేషన్‌కి పనికొస్తదని.”

“పెట్టొచ్చు. కానీ నీకెలా తెలుసని అడుగుతారు. మీ తాత సంగతి రాయాల్సి వస్తుంది. మనవాళ్ళూ చదువుతారు. నీకు ఓకేనా?”

మెత్తగానే అన్నాను. ఆమె మేలు కోరుతున్నట్టే అన్నాను. వద్దంటుందని తెలిసే అన్నాను. మనవాళ్ళెవరూ ఆ పత్రిక ముఖం చూడరని కూడా నాకు తెలుసు.

దీవెన ప్రింటర్‌లోని కాగితాలు సర్ది నా చేతికిచ్చి, “వద్దులెండి,” అంది.

పేపరు చివర కృతజ్ఞతల్లో మైక్రోస్కోపు రిపేరు చేసినవాడి పేరుంది. దీవెన పేరు లేదు. ఎముకలు శుభ్రం చేసినందుకు అని ఒక్క ముక్క రాయడానికి ఆమె తాత ప్రస్తావన అక్కర్లేదు కదా? ఆమెకు రికమండేషన్ లెటర్ రాసిందీ నేనే. టైముకు వస్తుంది, ఎముకలు జాగ్రత్తగా కడుగుతుంది అని రాశాను. అంతకంటే ఎక్కువ రాస్తే నా పేపరు ఎవరిదో బయటపడుతుందని భయం. అడ్మిషన్ రాలేదు. భర్తకు ఫ్రిస్కోలో ఉద్యోగం వస్తే వెళ్ళిపోయారు.

నా ఉద్యోగం పర్మనెంట్ అయింది. ఉపన్యాసాలకు పిలిచారు. ఒక మధ్యాహ్నం పక్కటెముకను కిటికీ వెలుగులో తిప్పి చూశానని ప్రతిచోటా చెప్పాను. మాటే కాదు, ఆమె దాన్ని తిప్పి చూసిన తీరు కూడా దొంగిలించాను. జనం చప్పట్లు కొట్టారు.

పోయిన ఏడాది ఫ్రిస్కోలో మా బంధువుల ఇంట్లో లంచ్‌కి వెళితే దీవెన కనిపించింది. పదేళ్ళ కూతురు వెంట ఉంది. ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి, అందరూ వినేలా, “ఆంటీ, మీరు బోన్స్ స్టడీ చేస్తారంట కదా? మా ముత్తాత లెదర్ చేసేవాడు. అమ్మ మా క్లాస్‌కి వచ్చి ఎలా సాఫ్ట్ చేస్తారో చెప్పింది,” అంది.

గదిలో ఒకరిద్దరు మాట ఆపేశారు. దీవెన తల దించుకోలేదు. నేను ఇన్నేళ్ళూ ఎవరి పరువు కాపాడుతున్నానని చెప్పుకున్నానో ఆ మనిషి, నా ఎదురుగా, నిబ్బరంగా నిలబడి ఉంది. అంతమందిలో నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు. నోరు తెరిచాను. “పాప తెలుగు బాగా మాట్లాడుతోందే,” అన్నాను.

“థాంక్స్ మేడం,” అంది దీవెన.

నిన్న, నా పేపరు వేసిన ఆ పత్రికకు జరిగింది జరిగినట్టు రాసి పంపాను. వేస్తారో లేదో తెలియదు. అదే ఉత్తరం దీవెనకూ పంపాను. క్షమించమని మాత్రం అడగలేదు. అడిగితే, నా కోసం మళ్ళీ జీతం లేని పని చేయమన్నట్టే అవుతుంది.

జవాబు రాలేదు. రావాలని ఆశించే హక్కు నాకు లేదు. కనిపెట్టింది దీవెన, నేను కాదు. ఈ ఒక్క మాట తెలుగులో, మీ ముందు రాయగలిగాను. ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. అందుకు కూడా సిగ్గుగానే ఉంది.